ఎర్తింగ్‌తో సహా

తెలియనివాడు చేసే తెలివితక్కువ పనికి ఎక్కడో ఒకచోట హద్దుంటుంది. అడ్డం తగిలితే ఆగుతాడు, పక్కవాణ్ణి అడుగుతాడు. తెలిసినవాడు చేసే తెలివితక్కువ పనికి కొలతలుంటాయి, నిబంధనల పుస్తకంలో నంబరుంటుంది, చివరికి ఎర్తింగ్ కూడా ఉంటుంది. నాది ఈ రెండో రకం. అందుకే అది అంతకాలం నిలబడింది.

ఉద్యోగమంతా సబ్‌స్టేషన్లలో, ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య గడిపి రిటైరైన ఎలక్ట్రికల్ ఇంజనీర్ని. విజయవాడలో మా ఇంటిమీద ఇంకో అంతస్తు వేశాం. పై హాలుకు జిప్సం బోర్డుతో ఫాల్స్ సీలింగ్ చేయించాం. కింది రౌటర్ నుంచి పైకి వైఫై అందడం లేదు. మధ్యలో అయిదంగుళాల ఆర్‌సీసీ శ్లాబు ఉంది, అందకపోవడం న్యాయమే. పైన విడిగా ఒక యాక్సెస్ పాయింట్ పెట్టాలి. కుర్రాళ్లు దాన్ని ఏపీ అంటున్నారు. తెల్లగా, గుండ్రంగా, జానెడు వెడల్పున ఉంటుంది. సీలింగుకు దాని బ్రాకెట్ బిగించి, అందులో పెట్టి కాస్త తిప్పితే పట్టుకుంటుంది. పని అంతే. అలాంటి పూట పనిని నడివేసవి దాకా లాగిన ఘనత నాది.

ఎందుకు లాగానంటే, నా చేతుల మీదుగా ఏ పరికరాన్నీ బాక్సు లేకుండా బిగించి ఎరగను. స్విచ్చుకు బాక్సు, మీటరుకు బాక్సు, ఫ్యూజులకు బాక్సు. కరెంటుతో నడిచేది ఏదైనా ఇనుప పెట్టెలో ఉండాలి, ఆ పెట్టెకు ఎర్తు ఉండాలి. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 61వ నియమం ఆ మాటే చెబుతుంది: కరెంటు తీగనో పరికరాన్నో కాపాడే లోహపు తొడుగు ఏదైనా సరే, భూమికి కలిపి ఉండాలి. ఆ పుస్తకం పోయి 2010లో కొత్త నిబంధనలు వచ్చాయి. నాలో మాత్రం 61 కదల్లేదు. అది తప్పని ఇప్పటికీ అనను. ఎర్తు లేని పెట్టెను తాకి పోయినవాళ్లను చూసిన ఉద్యోగం నాది. ఆ భయం నిజమైనదే. నిజమైన భయాన్ని అక్కరలేని చోటికి మోసుకుపోయాను, అదీ సంగతి.

దీనికి ఒక ఆసుపత్రి ఆజ్యం పోసింది. బంధువును చూడ్డానికి వెళ్లి వరండాలో కూర్చున్నాను. ఆసుపత్రి వరండాలో చేసే పని ఏముంటుంది, పైకి చూడ్డం తప్ప. గ్రిడ్ సీలింగులో ఒక రెండడుగుల పలక ఉండాల్సిన చోట తెల్లటి చదునైన పెట్టె ఉంది. మూతకు తాళం. మూత మీద చిన్న దీపం. అడిగితే, లోపల వైఫై ఉందన్నారు. ఎంత ముచ్చటగా ఉందో! ఇదీ పద్ధతి అనుకున్నాను. పౌడర్ కోటింగ్ వేసిన ఉక్కు అని చూపుతోనే తేల్చేశాను. చేత్తో తట్టి చూడాలన్న ఆలోచన రాలేదు. వచ్చినా అందదు. అలా ఒక్క చూపుతో తేల్చేసిన దాని మీద మిగతా కథంతా కట్టాను.

మర్నాడే డ్రాయింగ్ గీసుకుని ఆటోనగర్ వెళ్లాను. లారీల బాడీలు కట్టే చోట నా పెట్టె ఒక లెక్క కాదు. పదహారు గేజి రేకు, అంటే ఒకటిన్నర మిల్లీమీటరుకు పైనే మందం. నాలుగు వైపులా మడత, మూత చుట్టూ రబ్బరు గాస్కెట్, వైరు దూరే చోట గ్లాండు. రక్షణ ఐపీ 55 ఉండాలని ప్రత్యేకంగా చెప్పాను. మొదటి 5 అంటే లోపలికి దుమ్ము చేరి పాడు చేయకూడదు. రెండో 5 అంటే ఏ వైపు నుంచి పైపుతో నీళ్లు కొట్టినా ఏమీ కాకూడదు. హాలు సీలింగు మీదికి పైపుతో నీళ్లెవరు కొడతారని ఆ ఫ్యాబ్రికేటర్ అడగలేదు. నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

బిగించడానికి వచ్చిన కుర్రాడు మా పాత ఎలక్ట్రీషియన్ మేనల్లుడు. ఐటీఐ చదివి, ఆఫీసుల్లో నెట్‌వర్క్ పనులు చేసి వచ్చాడు. పెట్టెను వేలితో తట్టి చూసి, “మూత కూడా ఇనుమేనా సార్?” అన్నాడు.

“పదహారు గేజి,” అన్నాను గర్వంగా.

“మూత ప్లాస్టిక్‌దైతే బాగుంటుందేమో సార్,” అన్నాడు నేల చూస్తూ.

ఇంకేముంది, అందుకున్నాను. ప్లాస్టిక్ మూత ఎండకు ఎలా పెళుసెక్కుతుందో, ఇనుప మూత ఎందుకు కలకాలం ఉంటుందో, ఎర్తు ఎందుకు ఉండాలో, ఒకటి కాదు రెండు ఎర్తులు ఎందుకుండాలో అన్నీ చెప్పాను. కుర్రాడు చేతిలో డ్రిల్లు పట్టుకుని ఓపిగ్గా విన్నాడు. ‘ఎందుకు బాబూ?’ అన్న ఒక్క మాట మాత్రం నా నోట రాలేదు. ఆ మాట అడిగి ఉంటే ఈ స్వగతం ఉండేది కాదు.

ఇక్కడ నాకు నేను ఒక న్యాయం చేసుకోవాలి. వైరు విషయంలో నేను వేలెత్తి చూపించుకునే పని చేయలేదు. కరెంటు వైర్లున్న పైపులోనే ఇదీ లాగేద్దాం అన్నవాళ్లకు అడ్డం పడి, విడిగా ఇరవై అయిదు మిల్లీమీటర్ల పైపు వేయించాను. దుకాణంవాడు ముందుగా చూపించిన కేబుల్ తీగను బ్లేడుతో గీకితే పైన రాగి రంగు, లోపల తెల్లటి అల్యూమినియం. అలాంటి తీగకు నిరోధం ఎక్కువ, దాని గుండా కరెంటు కూడా పంపాలంటే మరీ ఇబ్బంది. దాన్ని వెనక్కిచ్చి స్వచ్ఛమైన రాగి క్యాట్ 6 తెచ్చాను. ఎందుకంటే ఈ ఏపీకి విడిగా ప్లగ్ పాయింట్ అక్కర్లేదు. డేటా వెళ్లే తీగలోనే దాదాపు 48 వోల్టుల డీసీ వెళ్తుంది. 2003లో వచ్చిన ప్రమాణం ప్రకారం స్విచ్ దగ్గర 15.4 వాట్లు బయల్దేరితే, నూరు మీటర్ల తీగ నష్టం పోను పరికరం దగ్గరికి 12.95 వాట్లు చేరాలి. ఈ లెక్క చూసి మురిసిపోయాను. లైన్ లాసులు! నా చుట్టాలే ఇక్కడా ఉన్నారు. నాకు తెలియని రాజ్యం కాదిది అనుకున్నాను.

తీగ చివరి దాకా నాకు తెలిసిన రాజ్యమే. ఆ తర్వాత సరుకు గాలిలో వెళ్లాలి. నేను తీగ చివర దగ్గరే ఆగిపోయాను.

పెట్టె బిగిసింది. సీలింగుతో సమంగా, ఎక్కడా సందు లేకుండా. చుట్టూ పుట్టీ పెట్టి రంగు వేస్తే అక్కడ పెట్టె ఉందని చెబితే గానీ తెలియదు. అందరికీ చెప్పాను. కుర్రాడు నా ఫోన్‌లో ఒక యాప్ వేసి, సిగ్నల్ చూసుకోమని వెళ్లాడు. పెట్టె కిందే నిలబడి చూస్తే 78 అని పెద్ద అక్షరాల్లో ఉంది. వరండాలోకి వెళ్తే 86. దూరం వెళ్లేకొద్దీ పెరుగుతోంది! ఇది మామూలు పనితనం కాదని మా ఆవిడతో అన్నాను. అంకె ముందున్న అడ్డగీతను అలంకారమనుకున్నాను. అది మైనస్ గుర్తు. ఈ కొలతలో సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం. మైనస్ 50 అంటే భేషుగ్గా ఉన్నట్టు, వీడియో ఆగకుండా నడవాలంటే మైనస్ 67 అయినా ఉండాలంటారు, మైనస్ 80 దాటితే ఉన్నా లేనట్టే. డెసిబెల్ నేను చదువుకోనిదేం కాదు. చదువుకున్నదాన్ని కూడా గుర్తుపట్టనివ్వనంత సంతోషంలో ఉన్నాను.

సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. మనవరాలి ఆన్‌లైన్ క్లాసులో టీచరు మొహం సగంలో ఆగిపోయేది. మా ఆవిడ వంటల వీడియోలో తాలింపు వేయబోతుండగా చక్రం తిరిగేది. ఇంటర్నెట్ కంపెనీవాళ్లకు ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. వాళ్ల మనిషి వచ్చి, కేబుల్‌ను నేరుగా లాప్‌టాప్‌కు తగిలించి, డబ్బు కట్టినంత వేగమూ వస్తోందని చూపించాడు. “మా లైన్‌లో లోపం లేదండీ,” అన్నాడు. అతను చెప్పింది నిజం. నేను మాత్రం అతను వెళ్లాక, వీళ్లంతా ఇంతే అన్నాను. తర్వాత ఏపీనే అనుమానించి, అంతకన్నా ఖరీదైనది, ఎక్కువ యాంటెన్నాలున్నది తెప్పించాను. దాన్నీ అదే పెట్టెలో పెట్టి, అదే మూత బిగించాను.

ఈలోగా ఎండలు ముదిరాయి. మే నెలలో 45 డిగ్రీలు చూసే ఊరు మాది. శ్లాబుకూ ఫాల్స్ సీలింగుకూ మధ్య చిక్కుకున్న గాలి పగలంతా ఉడుకుతుంది. దాని మధ్యలో గాస్కెట్ వేసి బిగించిన ఇనుప పెట్టె. అందులో రాత్రింబవళ్లు పది పన్నెండు వాట్లు తినే పరికరం. ఇంట్లో వాడే ఏపీల్లో చాలావాటికి చుట్టూ గాలి 40 డిగ్రీలో, మహా అయితే 50 డిగ్రీలో ఉన్నంతవరకే తయారీదారు పూచీ. మధ్యాహ్నమయ్యేసరికి అది తనంతట తాను ఆగి, మళ్లీ మొదలయ్యేది. ట్రాన్స్‌ఫార్మరుకు పక్కటెముకల్లా రేకులెందుకుంటాయో కొత్త ఉద్యోగులకు క్లాసులు చెప్పినవాణ్ణి. వేడి బయటికి పోవడానికి! ఆ పాఠం నా సీలింగు దాకా రాలేదు. వోల్టేజి హెచ్చుతగ్గులని స్టెబిలైజర్ కొన్నాను.

చివరికి వేడి సంగతి తట్టింది. అప్పుడు నాకొచ్చిన ఉపాయం నా తెలివితేటల్లోకెల్లా మణిపూస. మూతకు ఆరు మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టుతో వరసగా రంధ్రాలు పెట్టాను. ఒకే దెబ్బకు రెండు లాభాలు: వేడీ పోతుంది, సిగ్నలూ వస్తుంది. వేడి కొంత తగ్గింది. సిగ్నల్ రవ్వంత కూడా కదల్లేదు. వైఫై తరంగం 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పన్నెండున్నర సెంటీమీటర్ల పొడవు, 5 గిగాహెర్ట్జ్ దగ్గర అయిదారు సెంటీమీటర్లు. అంతటి తరంగానికి ఆరు మిల్లీమీటర్ల రంధ్రం ఉన్నా మూసేసిన రేకుతో సమానమే. దీనికి రుజువు మా వంటింట్లోనే ఉంది. మైక్రోవేవ్ ఓవెన్ తలుపు అద్దం వెనక చిల్లుల రేకు ఉంటుంది. చిల్లుల్లోంచి లోపల గిన్నె కనిపిస్తుంది, 2.45 గిగాహెర్ట్జ్ తరంగాలు మాత్రం బయటికి రావు. అంటే వైఫై తరంగాల్లాంటివే. రోజూ ఆ తలుపు ముందు నిలబడి పాలు వేడిచేసుకుంటూ, హాలు సీలింగులో సరిగ్గా అదే తలుపు తయారు చేశాను.

మా ఆవిడకు గిగాహెర్ట్జ్‌లు తెలియవు. మూతకు చిల్లులు పొడుస్తున్న నన్ను కాసేపు చూసి ఒకటే అంది: “అన్నం వండి, గిన్నెకు తాళం వేసి, ఎవరూ తినరేమిటని అడిగినట్టుందండీ మీ వరస.” నవ్వి ఊరుకున్నాను. ఇంట్లోవాళ్లు చెప్పిన దానిలో సాంకేతిక విషయం ఉంటుందని ఎవరనుకుంటారు?

ఎట్టకేలకు కుర్రాణ్ణి మళ్లీ పిలిచాను. వాడు కేబుల్ చూడలేదు, స్విచ్ చూడలేదు. “మూత ఒక్కసారి తీద్దాం సార్,” అన్నాడు. మూతకూ దీనికీ ఏమిటి సంబంధమని గొణుగుతూ, నా పెట్టె నేనే విప్పుతానని నిచ్చెన ఎక్కాను. నాలుగు స్క్రూలు. మూడు తీసి నోట్లో పెట్టుకున్నాను. నాలుగోది వదులు చేసేసరికి మూత దాని మీదే వేలాడుతూ పక్కకు తిరిగింది. కింద కుర్రాడు ఫోన్ నాకు కనబడేలా పైకెత్తి పట్టుకున్నాడు. మైనస్ 78 దగ్గరున్న అంకె తడబడి మైనస్ 60, మైనస్ 52, చివరికి మైనస్ 48 దగ్గర కుదురుకుంది. మూత మూశాను. మైనస్ 77. తీశాను. మైనస్ 48. మళ్లీ మూశాను. స్క్రూలు నోట్లో ఉన్నాయి కాబట్టి సరిపోయింది, మాట్లాడే బాధ తప్పింది. వేలాడుతున్న మూతకు పచ్చటి ఎర్తు వైరు, చక్కగా లగ్గు వేసి, వాషరు పెట్టి బిగించి ఉంది. నా చేతిపనే.

ముప్పై డెసిబెల్స్ తేడా అంటే వెయ్యి రెట్లు. పరికరం ఇచ్చే బలంలో వెయ్యో వంతు మాత్రమే, అదీ గాస్కెట్ సందుల్లోంచి, గ్లాండు పక్కనుంచి తప్పించుకుని, మా హాల్లోకి వచ్చేది. ఐపీ 55 ఇంకాస్త గట్టిగా ఉంటే అదీ వచ్చేది కాదు.

కుర్రాడు ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, ఎదురు చెప్పడానికి ఏదో ఒకటి దొరికేది. నిచ్చెన మీద నిలబడే నాకు మైకేల్ ఫారడే గుర్తొచ్చాడు. 1836లో ఆయన పన్నెండడుగుల చెక్క చట్రానికి లోహం చుట్టి, దానికి బయట నుంచి నిప్పురవ్వలు ఎగిరేంత విద్యుత్తు ఎక్కించి, తాను లోపలికి వెళ్లి కూర్చున్నాడు. లోపల ఆయన పరికరాల్లో కదలికే లేదు. లోహపు గూడు చుట్టూ ఉంటే బయటి విద్యుత్ క్షేత్రం లోపలికి రాదు. అదే గూడు లోపలి రేడియో తరంగాన్ని బయటికీ పోనివ్వదు. వంటింట్లో చపాతీలు చుట్టే పల్చటి ఫాయిల్ కాగితం చాలు, దాన్ని ఆపడానికి. నేను పదహారు గేజి పెట్టాను. ఇంజనీరింగులో ఫారడే గూడు మీద ప్రశ్న వస్తే బొమ్మ గీసి రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. పరీక్షలో రాయడానికి మాత్రమే చదువుకున్నానని ఇప్పుడు తేలింది.

తర్వాత ఆ ఆసుపత్రి పెట్టెల గురించి చదివాను. చదవాల్సింది ముందు. వాటిలో సీలింగు లోపలికి వెళ్లే వెనక భాగం ఉక్కుదే, కిందికి కనిపించే మూత ఏబీఎస్ ప్లాస్టిక్. రేడియో తరంగానికి ఆ ప్లాస్టిక్ దాదాపు లేనట్టే. సీలింగుకు పెట్టే ఏపీ యాంటెన్నాలు కిందికీ పక్కలకీ చూస్తాయి, పైకి పెద్దగా పంపవు. కాబట్టి వెనక ఉక్కు ఉన్నా నష్టం లేదు. ఇక పెట్టె ఎందుకంటే, ఆసుపత్రిలో రిపేరుకని సీలింగు పలక ఎత్తితే పైనున్న దుమ్మంతా రోగుల మీద పడుతుంది. పెట్టె మూత తీసి పని చేసుకుంటే పలక కదపనక్కర్లేదు. బడుల్లో, గిడ్డంగుల్లో అయితే దెబ్బలు తగలకుండా, ఎవరూ పట్టుకుపోకుండా. మా హాల్లో రోగులు లేరు. దొంగ వస్తే వాడికి బీరువా ఉండగా ఏపీ ఎందుకు? అందుకోవాలంటే నాకే నిచ్చెన కావాలి. అంటే మూత ప్లాస్టిక్‌దా ఇనుపదా అన్న తగాదాకు ముందే, మా ఇంటికి పెట్టే అక్కర్లేదు. అసలు ప్రశ్న అడగకుండా కొసరు ప్రశ్నకు తప్పు జవాబు పట్టుకుని వేసవి గడిపాను.

సీలింగుకు కోసిన చతురస్రాన్ని ఏదో ఒకదానితో పూడ్చాలి కాబట్టి, పెట్టెను పీకించకుండా, మూతకు బదులు తెల్లటి ఏబీఎస్ పలక పెట్టించాం. ఏపీ దాని కిందికి, హాల్లోకి మొహం పెట్టి కూర్చుంది. చుట్టూ గాలి తగులుతోంది, మధ్యాహ్నం ఆగడం లేదు. సీలింగులోంచి వేలెడు కిందికి పొడుచుకుని వస్తుంది. ఆ వేలెడు కూడా కనబడకుండా చేశాననే కదా అప్పుడు మురిసింది. ఎవరూ దాని వంక చూడరు. సీలింగు వంక చూసేది ఆసుపత్రిలో కూర్చున్నవాళ్లూ, నాలాంటివాళ్లూ.

ఇప్పుడు ఇంట్లో ప్రతి వస్తువూ తరంగం కళ్లతో కనబడుతోంది. గోద్రెజ్ బీరువా వెనక పడగ్గదిలో సిగ్నల్ ఎందుకు చస్తుందో, నిలువుటద్దం వెనకనున్న వెండిపూత ఏం చేస్తుందో, మనవరాలి చేపల తొట్టి పక్కన బల్ల మీద ఫోన్ ఎందుకు మొరాయిస్తుందో తెలుస్తోంది. లోహం వెనక్కి కొడుతుంది, నీరు తాగేస్తుంది. తెలిసిందంతా అందరికీ చెప్పడం నా జబ్బు. అది మాత్రం తగ్గలేదు.

ఒకటి ఆలోచిస్తే ఇప్పటికీ మింగుడుపడదు. ఈ పనిలో నేను బద్ధకించింది లేదు, చవక సరుకు కొన్నది లేదు. తీగ మేలైనది, పైపు విడిగా వేసింది, ఎర్తు రెండు. అన్నీ సరిగ్గా ఉండబట్టే నన్ను ఎవరూ అనుమానించలేదు, ముఖ్యంగా నేను. పని తెలియని మనిషినైతే కుర్రాడు గట్టిగా చెప్పేవాడు: “మూత మార్చండి, లేకపోతే రాదు.” సబ్‌స్టేషన్లు నడిపిన సారుకు ఏం చెబుతాడు? ‘బాగుంటుందేమో’ అన్నాడు. ఆ ‘ఏమో’ వాడి సందేహం కాదు, నాకిచ్చిన మర్యాద. మర్యాద తీసుకుని మాట వదిలేశాను.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తే గానీ బరువు దిగదు. “నువ్వు అన్నదే నిజం బాబూ” అని ఆ కుర్రాడితో ఇప్పటిదాకా అనలేదు. కూలీ ఇచ్చేటప్పుడు పైన కొంత కలిపి, పెట్రోలుకు ఉంచుకోమన్నాను. చుట్టాలొచ్చి పైకి చూసి “నీటుగా ఉందండీ” అంటే, వెనక ఇనుము, ముందు ప్లాస్టిక్ ఎందుకుండాలో తీరిగ్గా వివరిస్తాను, పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టు. ఆ సమయంలో మా ఆవిడ కాఫీ కలపాలని లోపలికి వెళ్తుంది.

మొన్న గేటు దగ్గర సీసీ కెమెరా పెట్టించాలనుకుని ఆ కుర్రాణ్ణే పిలిచాను. ఈసారి బుద్ధొచ్చింది. వాడు గేటు దాటి లోపలికి రాగానే, “ఎక్కడ పెడదామంటావు బాబూ?” అని ముందు నేనే అడిగాను. వాడు ఆశ్చర్యపడి, చుట్టూ చూసి, పోర్టికో మూల చూపించి కారణాలు కూడా చెప్పాడు. చివరిదాకా విన్నాను, సరేనన్నాను. రాత్రి గీసుకున్న కాగితం జేబులోంచి బయటికి తియ్యలేదు. వాడు వెళ్లాక తీసి, వాడు చెప్పిందీ నేను గీసిందీ పక్కపక్కన పెట్టి ఆలోచించాను. నాదే మెరుగనిపించింది.